పైథాన్ ప్యాకేజీలో డిస్క్రిప్షన్, రీడ్‌మీ రెండూ ఒకటేనా?

కాదు, ప్యాకేజీ వివరాలు రాసే పైప్రాజెక్ట్ (pyproject.toml) ఫైల్‌లో డిస్క్రిప్షన్ అంటే ఒక్క లైను పరిచయం, రీడ్‌మీ అంటే ఉదాహరణలతో సహా పూర్తి వివరణ. వెతికేవాళ్ల కంట ముందు పడేది ఆ ఒక్క లైనే కాబట్టి ప్యాకేజీ చేసే పనేదో అందులోనే తేలిపోవాలి. డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ అయితే తన ప్యాకేజీల్లో ఆ లైను 80 అక్షరాలు దాటొద్దంటుంది, ప్యాకేజీ పేరు మళ్లీ రాయొద్దనీ అంటుంది.

నల్లగొండ వైపు భూమి లెక్కలకు ప్యాకేజీ రాశారనుకోండి. "రైతులకు అద్భుతమైన టూల్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఎకరాలను గుంటల్లోకి, గజాల్లోకి మారుస్తుంది" అంటే చాలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అనే లెక్క, కోడ్ నమూనా రీడ్‌మీలో పెట్టాలి.

కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో రీడ్‌మీ ఉంటే, పైథాన్ ప్యాకేజీలు దొరికే సైటు పైపీఐ పేజీలోకి దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. పైప్రాజెక్ట్ ఫైల్‌లో దాని పేరు ఇవ్వాల్సిందే. తర్వాత గిట్‌హబ్‌లో ఎంత దిద్దినా, కొత్త వెర్షన్ అప్‌లోడ్ చేసేదాకా పైపీఐలో పాతదే కనిపిస్తుంది.