ఏకాంతర కోణాలు ఎప్పుడూ సమానమేనా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. రెండు రేఖలను ఒక తిర్యగ్రేఖ ఖండించిన పటంలో ఒక కోణం 65 డిగ్రీలని ఇచ్చి, దాని ఏకాంతర కోణం చెప్పగలమా అని పరీక్షలో అడిగితే 65 అని రాసింది. రేఖలు సమాంతరమని ఎక్కడ ఇచ్చారంటూ బడిలో మార్కులు తీసేశారు. ఏకాంతర కోణాలు సమానమే కదండీ?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, మార్కులు పోయినందుకు పాప నొచ్చుకుని ఉంటుంది గానీ, దిద్దినవారిదే న్యాయం. సదృశ (తిర్యగ్రేఖకు ఒకే వైపున, ఒక్కో రేఖ దగ్గర ఒకే స్థానంలో ఉన్నవి), ఏకాంతర (తిర్యగ్రేఖకు చెరో వైపున, ఒక్కో రేఖ దగ్గర ఒక్కటిగా, రెండూ రేఖల మధ్య గానీ రెండూ బయట గానీ ఉన్నవి) అనేవి కోణాలు ఏ చోట ఉన్నాయో తెలిపే పేర్లే తప్ప, వాటి కొలతను చెప్పేవి కావు. ఏ రెండు రేఖలనైనా మూడో రేఖ వేర్వేరు బిందువుల వద్ద ఖండిస్తే ఎనిమిది కోణాలూ, ఈ జతలూ ఏర్పడతాయి. ఆ రేఖలు సమాంతరమైతేనే సదృశ కోణాలు సమానమవుతాయి, ఏకాంతర కోణాలు సమానమవుతాయి, తిర్యగ్రేఖకు ఒకే వైపున్న అంతర కోణాల మొత్తం 180 డిగ్రీలవుతుంది. రెండు రేఖలు ఖండించుకున్న చోట ఎదురెదురుగా ఉండే శీర్షాభిముఖ కోణాలు సమానం కావడానికి మాత్రం ఈ షరతు లేదు.

మీ ఊరి మీదుగా పోయే రైలు పట్టాలనే తీసుకోండి. తిన్నగా సాగే చోట రెండు పట్టాల మధ్య దూరం అంతటా 1,676 మిల్లీమీటర్లే కనుక, ఏటవాలుగా దాటే రోడ్డు మొదటి పట్టాతో 65 డిగ్రీలు చేస్తే రెండో దానితోనూ అంతే చేస్తుంది. విజయనగరం దగ్గర రాయపూర్ లైను హౌరా లైను నుంచి విడిపోతుంది. అలా విడిపోయిన రెండు దారులనూ ఒకే తిన్నని రోడ్డు దాటితే ఆ సమానత్వం ఉండదు.

దీని విపర్యయమూ నిజమే: ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు సమాంతరాలు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో ఇది 27వ ప్రతిపాదన, పాప వాడుకున్నది 29వది. రెండింటినీ ఆయన విడివిడిగా నిరూపించాడంటేనే అవి ఒకటి కావని తెలుస్తుంది. స్కేలు వెంట మూలమట్టాన్ని జరిపి రెండు గీతలు గీసినప్పుడు, ఒకే కోణం రెండు చోట్ల పడుతుంది కాబట్టే అవి సమాంతరంగా వస్తాయి.

సమాంతరం కాని రెండు రేఖలు గీసి, అంతర ఏకాంతర కోణాలను కోణమానినితో కొలవమనండి. 65, 58 వచ్చాయనుకుందాం. రేఖలను అవి కలిసేదాకా పొడిగించి అక్కడి కోణం కొలిస్తే, సరిగ్గా ఆ తేడా, 7 డిగ్రీలు కనిపిస్తుంది.