కొత్తపట్నం దిబ్బల మీద ఈగ: మందు అక్కర్లేదు

అన్నా, కొత్తపట్నంలో మీ సరుగుడు తోట పక్క ఇసుక దిబ్బ మీద బూడిదరంగు ఈగ ఒకటి తేనెటీగను పట్టుకుని కూర్చుందనీ, పిల్లల్ని కుడుతుందేమో, మందు కొట్టాలా అనీ అడిగారు కదా. ఫొటో పెద్దది చేసి చూశా. రాబర్ ఫ్లై. ఏ జాతో ఫొటోతో తేలదు గానీ కుటుంబం అసిలిడే, అనుమానం లేదు.

మూతి మీద గుబురు మీసం చూడండి. గింజుకునే పురుగు కాళ్లు మొహానికి తగలకుండా అడ్డం అదే. రెండు కళ్ల నడుమ నెత్తి గుంటపడి ఉంటుంది. రెక్కలు రెండే, వాటి వెనక గుండుసూది తలల్లాంటి బుడిపెలు. కందిరీగైతే రెక్కలు నాలుగుండేవి.

ఎగిరే పురుగును గాల్లోనే పట్టి, మూతి గుచ్చి లాలాజలం ఎక్కిస్తుంది. పురుగు చచ్చుబడి లోపలి కండ కరిగిపోతుంది, ఇక జుర్రుకోవడమే. మన జోలికి రాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం పొడుస్తుంది (నా బొటనవేలే సాక్షి).

దీని పిల్లపురుగులు మట్టిలో, ఇసుకలో ఉండి వేరే పురుగుల పిల్లల్ని తింటాయి. మందు కొడితే మనకు పనికొచ్చేదాన్నే చంపుకున్నట్టు. సాయంత్రం కాళ్ల మీద దద్దుర్లు తెప్పించేవి వేరే, కంటికి ఆనని నుసుములు. పిల్లలకు నిండు ప్యాంటు వేసి పంపండి. ఆ రావణాసురుడి మీసాల గడ్డి కూడా పీకించకండి, దిబ్బ నిలిచేది దాంతోనే.