అద్దె తొమ్మిది వేలే, దెబ్బ తగిలితే ఎంత?

ప్రశ్న: మాది నంద్యాల. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1,10,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 34,000, ప్రతి నెలా 5వ తేదీన కట్ అవుతుంది. క్రిస్మస్ సెలవులకు మా అత్తమామలు వస్తున్నారు. వాళ్లనూ, మా ఆరేళ్ల పాపనూ తీసుకుని మూడు రోజులు ఊటీ వెళ్లాలనుకుంటున్నాం. బడ్జెట్ 40,000. నాకు లైసెన్స్ వచ్చి 14 నెలలైంది, మావారికి డ్రైవింగ్ రాదు. అద్దె కారు తీసుకుని నేనే నడపాలని నా కోరిక. ఇంతవరకు ఎప్పుడూ తీసుకోలేదు. మూడు చోట్ల అడిగాను. ఒక యాప్‌లో 72 గంటలకు 9,000, 600 కిలోమీటర్ల వరకు. ఆపైన కిలోమీటరుకు 10. డిపాజిట్ 5,000. డ్యామేజీ అయితే 10,000 వరకు నాదే బాధ్యత అన్నారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి తెలిసినాయన తన సొంత కారు 6,000కే ఇస్తానన్నాడు. డిపాజిట్ వద్దు, ఒరిజినల్ ఆధార్ ఇచ్చి వెళ్తే చాలన్నాడు. మూడోది డ్రైవర్‌తో వచ్చే ఎర్టిగా కారు. రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, కిలోమీటరుకు 16, డ్రైవర్ బాటా రోజుకు 500. మామగారేమో అద్దెలకు పోసే డబ్బుతో నాలుగు లక్షల్లో పాత కారు కొనుక్కోండి అంటున్నారు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రెండో కారు మాట మర్చిపోండమ్మా. 6,000 అనేసరికి మనసు అటు లాగుతుందని నాకు తెలుసు. కానీ మీరు అడిగిన మూడింటిలో అన్నిటికంటే ఖరీదైనది అదే.

సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. అద్దెకిచ్చి మనల్నే నడుపుకోమనే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. ఆ రంగు చూస్తే అది అద్దెకు తిరిగే పర్మిట్, దానికి తగ్గ ఇన్సూరెన్స్ ఉండాల్సిన బండేనని తెలుస్తుంది. తెల్ల ప్లేటు బండి పాలసీ సొంత వాడకానికే ఇస్తారు. దాన్ని అద్దెకు తిప్పుతున్నారని తేలితే కంపెనీ క్లెయిమ్ ఇవ్వనని చెప్పవచ్చు. సొట్ట పడితే బాగుచేయించుకోవచ్చు, అది పెద్ద విషయం కాదు. దారిన పోయే మనిషికి తగిలిందనుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వేసే పరిహారానికి ఇంత అని పైహద్దు లేదు. ముందు ఇన్సూరెన్స్ కంపెనీని కట్టమని, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని తీర్పులొచ్చిన సందర్భాలున్నాయి. ఆ గొడవలో నడిపిన మనిషిగా మీరూ ఉంటారు. పర్మిట్ లేకుండా బండిని అద్దెకు తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్ కింద 10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు. మూడు వేలు మిగులుతాయని ఇంత నెత్తిన పెట్టుకోవద్దు. ఒరిజినల్ ఆధార్ మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. యాప్‌లో బుక్ చేసినా సరే, కారు ఫొటోలో ప్లేటు రంగు చూశాకే డబ్బు కట్టండి.

ఇక మిగిలినవి రెండు. వీటి లెక్క వేసి చూద్దాం. మారతహళ్లి నుంచి మైసూరు, గుండ్లుపేట, బండీపూర్, గూడలూరు మీదుగా ఊటీ పోయి రావడం, మధ్యలో కూనూరు, దొడ్డబెట్ట, పైకారా తిరగడం కలిపి 700 కిలోమీటర్లు వేసుకోండి. యాప్ కారుకు అద్దె 9,000. హద్దు దాటిన 100 కిలోమీటర్లకు 1,000. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని ఘాట్ ఎక్కే కారు లీటరుకు 14 ఇస్తే మంచిదే అనుకోవాలి. అంటే 50 లీటర్లు, లీటరు 103 చొప్పున 5,150. మొత్తం 15,150. ఎర్టిగాకు రోజుకు కనీసం 300 చొప్పున మూడు రోజులకు 900 కిలోమీటర్లు కట్టాల్సిందే, దానికి 14,400, బాటా 1,500, కలిపి 15,900. పెట్రోలు అందులోనే. టోల్ రెండిటికీ ఒకటే కాబట్టి కలపలేదు.

తేడా 750 రూపాయలు. సెల్ఫ్ డ్రైవ్ చవక అని మనందరికీ ఒక నమ్మకం ఉంది. దూరం తక్కువ, రోజులు తక్కువ అయితే అది నిజమే కావచ్చు. మీ టూర్‌కి మాత్రం కాదు. కాబట్టి డబ్బు మిగులుతుందని అద్దె కారు తీసుకోకండి. నేనే నడపాలి, పక్కన కూర్చున్న మావారికి దారి చూపించాలి, నచ్చిన చోట ఆగాలి అన్న కోరికతో తీసుకుంటానంటే అది వేరే మాట. దానికి విలువ ఉంది, దానికోసం ఖర్చు పెట్టడం తప్పు కాదు. (పాపను మాత్రం వెనక సీట్లోనే బెల్టుతో కూర్చోబెట్టండి.) అయితే ఆ కోరిక ఖరీదు అద్దె ఒక్కటే కాదు, దెబ్బ తగిలితే మీరు మోయాల్సిన బాధ్యత కూడా. బుక్ చేసే ముందు ఆ రెండో అంకె మీకు తెలిసి ఉండాలి.

డ్యామేజీ 10,000 వరకే అన్న మాట చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఆ హద్దు కంపెనీ షరతులన్నీ పాటించినవాళ్లకే. బుకింగ్‌లో పేరు లేని మనిషి నడిపినా, తాగి నడిపినా, ప్రమాదం జరిగిన వెంటనే ఫోన్ చేయకపోయినా, కంపెనీకి చెప్పకుండా దారిలో కనిపించిన మెకానిక్‌తో రిపేరు చేయించినా హద్దు ఎగిరిపోతుంది. పూర్తి బిల్లు మీదే. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, తాళం పోవడం లాంటివి చాలా అగ్రిమెంట్లలో ఆ హద్దులోకి రావు. కారు షెడ్డులో ఉన్నన్ని రోజులూ అద్దె కట్టమనే షరతు కూడా ఉంటుంది. ఈ ఒక్క పేజీ మీరూ మీవారూ కలిసి కూర్చుని చదవండి. అర్థం కానిది ఫోన్లో అడగొద్దు, మెయిల్లోనో చాట్‌లోనో అడిగి జవాబు దాచుకోండి.

క్లచ్ ప్లేటు గురించి విడిగా చెప్పాలి. ఎదురెక్కే ఘాట్‌లో ముందు బస్సు ఆగినప్పుడు, కొత్తగా నేర్చుకున్నవాళ్లు బండి వెనక్కి జారకుండా క్లచ్ సగం తొక్కి పెట్టి నిలబెడతారు. మాడిన వాసన వచ్చేసరికి పని అయిపోతుంది. ప్రమాదం వల్ల పాడవలేదు కాబట్టి ఇన్సూరెన్స్ దీనికి రాదు, బిల్లు నేరుగా మీ చేతికే వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి నిలబెట్టడం అలవాటు చేసుకోండి. లేదా కాస్త అద్దె ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. మసినగుడి నుంచి కల్లట్టి మీదుగా దగ్గర దారి అని మ్యాప్ చూపిస్తుంది. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు, ఎక్కుడు నిటారు. మొదటిసారి అటు పోవద్దు. గూడలూరు దారే మీకు మంచిది.

బాధ్యత కోసం 15,000 వేరే తీసి పెట్టండి. డ్యామేజీకి 10,000. అందులో 5,000 డిపాజిట్‌లోనే పట్టుకుంటారు, మిగిలింది మళ్లీ కట్టమంటారు. పైన ఒక 5,000 చలానాలకు, ఆలస్యానికి, కారు షెడ్డులో ఉన్న రోజుల అద్దెకు. ఇది మీ 40,000లో లేదు, ఉండకూడదు కూడా. హోటల్‌కు, తిండికి పోను అందులో మిగిలేది అంతగా ఉండదు. సెలవులకు ముందు వచ్చే రెండు జీతాల నుంచి 7,500 చొప్పున తీసి పక్కన పెట్టుకోండి. ఏమీ జరగకపోతే జనవరిలో ఆ డబ్బు పాప ఫీజులకు పనికొస్తుంది. ఇప్పుడు అంత తీయలేం అంటే ఎర్టిగా పిలవండి, ఆలోచించక్కర్లేదు.

డిపాజిట్ మీ ఈఎంఐ కట్ అయ్యే ఖాతా నుంచి కట్టకండి. నెలాఖరు టూర్. డిపాజిట్ తిరిగి రావడానికి వారం పట్టిందంటే 5వ తేదీ దాటిపోతుంది. 5,000 తక్కువై ఈఎంఐ బౌన్స్ అయితే చార్జీలు, పైగా క్రెడిట్ స్కోరుకు మచ్చ. క్రెడిట్ కార్డు ఉంటే, డబ్బు తీసుకోకుండా లిమిట్‌లో ఆపి ఉంచే పద్ధతి ఉందేమో కంపెనీని అడగండి.

కొన్నేళ్ల కిందట నేను మొదటిసారి అద్దె కారు తీసుకుని మడికేరి వెళ్లాను. రాత్రి పదింటికి ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో తాళం ఇచ్చారు. చీకట్లో చుట్టూ ఒకసారి తిరిగి చూసి సంతకం పెట్టేశాను. తిరిగి ఇచ్చిన మూడో రోజు డిపాజిట్‌లో 4,200 కోశామని మెసేజ్ వచ్చింది. ఎడమ వెనక తలుపు మీద గీత అట. అది ముందే ఉందని నా మనసుకు తెలుసు, చూపించడానికి ఫొటో లేదు. పది మెయిళ్లు రాశాను, రూపాయి రాలేదు. నా క్లయింట్లకు పైసా పైసా లెక్క చెప్పే నాకు ఆ 4,200 కంటే, ఐదు నిమిషాలు ఆగలేదే అన్న బాధే ఎక్కువైంది.

అందుకే పగటిపూట కారు తీసుకోండి. ఫోన్లో ఒకే వీడియోగా, ఆపకుండా, ప్లేటు నుంచి మొదలుపెట్టి నాలుగు పక్కలు, పైకప్పు, ముందు అద్దం, బంపర్ల కింద, నాలుగు టైర్లు, స్టెప్నీ, జాకీ, లోపల సీట్లు, మీటరు, పెట్రోలు ముల్లు తీయండి. ఉన్న గీతలను అక్కడే యాప్‌లో ఎక్కించండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు చూడండి. తిరిగి ఇచ్చేటప్పుడూ ఇదే వీడియో.

మీరు రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి తమిళనాడుకు పర్మిట్ ఉందా, పన్ను ఏదైనా ఉంటే ఎవరు కడతారు అని ముందే రాతపూర్వకంగా అడగండి. 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో నీలగిరికి వచ్చే బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు, బండి నంబరు మాత్రం ఉండాలి. అద్దె కారు నంబరు కొన్నిసార్లు చివరి రోజుగానీ ఇవ్వరు. ముందు రోజే కావాలని పట్టుబట్టండి.

బండీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో కూనూరు చూసి సాయంత్రం బయల్దేరి ఆ గేటు దగ్గర ఆగిపోతే ఒక రాత్రి గది అద్దె, కారుకు ఆలస్య రుసుము రెండూ పడతాయి. ఊటీ నుంచి మధ్యాహ్నం భోజనం లోపే కదలండి. బుకింగ్ 72 గంటలకు కాకుండా 76 గంటలకు చేయండి. కెంగేరి దాటాక మారతహళ్లి చేరడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పాలా. మైసూరు హైవేలో కార్లకు గంటకు 100 కిలోమీటర్లే హద్దు, దారంతా కెమెరాలు. ఒక్కో చలానా 1,000. అది కంపెనీ పేరున వచ్చి మీ డిపాజిట్‌లోంచి పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కారు పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమాని తానే నడుపుతున్నప్పుడు అతనికి వర్తించేది. అద్దెకు తీసుకున్న మీకు కాదు. ఇంటి లోన్ ఉన్న మీ ఇద్దరికీ టర్మ్ పాలసీ, సొంత హెల్త్ పాలసీ ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఆఫీసు ఇచ్చిన హెల్త్ కవర్‌లో అత్తమామల పేర్లున్నాయా అన్నదీ చూడండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వారికి 2 లక్షల ప్రమాద బీమా. మామగారు, అత్తయ్యగారు ఆ వయసులో ఉంటే వాళ్ల ఖాతాల్లో చేయించండి.

దారిలో ఏదైనా జరిగితే ముందు మనుషులను చూడండి, కారు తర్వాత. 112కి, హైవే మీదైతే 1033కి ఫోన్. తర్వాత కంపెనీకి. ఎదుటివాళ్లతో అక్కడికక్కడే డబ్బిచ్చి రాజీ పడితే కంపెనీ షరతు తప్పినట్లు అవుతుంది, జాగ్రత్త.

మామగారి మాట ఆయన పెద్దరికంతో అన్నది, కొట్టిపారేయను. కానీ 4 లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 8,900. ఉన్న 34,000తో కలిపితే జీతంలో 39 శాతం అప్పులకే పోతుంది. ఏడాదికి రెండు టూర్ల కోసం అంత మోయడం నాకు ఇష్టం లేదు. పాప స్కూలుకో, మీ ఆఫీసుకో రోజూ కారు అవసరం పడినప్పుడు ఈ మాట మళ్లీ ఎత్తండి.

ఇప్పుడు అసలు పని. నవంబరులో ఒక ఆదివారం అదే కంపెనీ నుంచి, ఊటీకి తీసుకోవాలనుకున్న రకం కారే ఒక రోజుకు తీసుకుని లేపాక్షి వెళ్లిరండి. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగితే వచ్చేస్తుంది. దారి చాలావరకు చదునైన హైవే, పోను రాను 240 కిలోమీటర్లు. ఆంధ్రలోకి దాటతారు కాబట్టి కంపెనీ పర్మిట్ సంగతి ఎలా చూసుకుంటుందో కూడా తెలుస్తుంది. మీకిచ్చిన ధర ప్రకారం లెక్కేస్తే అద్దె 3,000, రోజుకు 200 దాటిన 40 కిలోమీటర్లకు 400, పెట్రోలు 1,800. డిపాజిట్ ఎన్ని రోజులకు తిరిగొచ్చిందో కూడా రాసి పెట్టుకోండి. నంది విగ్రహం చూసుకుని ఇంటికొచ్చాక మీ భుజాలు ఎలా ఉన్నాయి, వెనక కూర్చున్న మీవారికి ఎంత నిశ్చింతగా అనిపించింది అన్నది మాట్లాడుకోండి. హాయిగా ఉంటే డిసెంబరుకు అదే కారు బుక్ చేయండి. రోజంతా టెన్షన్‌గానే గడిచిందంటే ఎర్టిగా ఆయనకు అడ్వాన్స్ కట్టేయండి, క్రిస్మస్ వారంలో ఆలస్యమైతే అదీ దొరకదు.