'సంపూర్ణులు' ఎవరు? విశ్వాసి ఎదుగుదలకు సరైన మాటలు

సందేహం: కొత్తగా రక్షణ పొందినవారి కోసం చిన్న పాఠాలు రాస్తున్నాం. 'ఆత్మీయ పరిణితి' అని శీర్షిక పెడితే ఒకరు 'పరిపక్వత' అనాలన్నారు. బైబిల్లో ఉన్నది 'సంపూర్ణత' కాబట్టి అదే ఉంచాలని మరొకరు, 'ఆత్మీయ' కంటే 'ఆధ్యాత్మిక' మేలని ఇంకొకరు అన్నారు. ఏది సరైనది? 'సంపూర్ణులు' అంటే ఇక ఏ పాపమూ చేయనివారనేనా?

సమాధానం: మీ చివరి ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. అది తేలితే శీర్షిక దానంతటదే కుదురుతుంది. ముందు ఒక్క అక్షరం సరిచేసుకుని అక్కడికి వెళ్దాం.

'పరిణితి' తప్పు, 'పరిణతి' ఒప్పు. వంగు అనే అర్థమున్న 'నమ్' ధాతువుకు 'తి' ప్రత్యయం చేరితే 'నతి' అవుతుంది. ఉన్నతి, అవనతి, ప్రణతి, వినతి అలా వచ్చినవే. 'పరి'లోని రేఫ ('ర' ధ్వని) వల్ల 'న' కాస్తా 'ణ' అయింది. ఉన్నతిని ఎవరూ 'ఉన్నితి' అనరు కదా, ఇదీ అంతే. వాడేటప్పుడు 'పరిణతి చెందిన', 'పరిణతి పొందిన', 'పరిణతి గల' అన్నీ సరైనవే.

ఇక 'సంపూర్ణులు'. కొత్త నిబంధన గ్రీకు మూలంలో దీని వెనక ఉన్న మాట 'తెలెయొస్'. 'తెలొస్' అంటే గమ్యం, ముగింపు. ఒకటి ఏ ఉద్దేశంతో మొదలైందో ఆ ఉద్దేశానికి చేరితే అది తెలెయొస్. సంఘాల్లో ఎక్కువమంది చదివే పాత తెలుగు అనువాదం ఈ ఒక్క మాటను సందర్భాన్ని బట్టి రకరకాలుగా చెప్పింది. మత్తయి 5:48లోనూ 1 కొరింథీ 2:6లోనూ 'పరిపూర్ణులు', ఎఫెసీ 4:13లో 'సంపూర్ణపురుషులు', 1 కొరింథీ 14:20లో 'పెద్దవారలు', హెబ్రీ 5:14లో 'వయస్సు వచ్చినవారు'. అనువాదకులను తప్పుపట్టనవసరం లేదు, ప్రతిచోటా మాట ఒదిగింది. కాని చదివేవారికి ఇవన్నీ ఒకే మాట అని తెలియకపోవడంతో 'సంపూర్ణులు' అనగానే నేటి వాడుకలోని 'ఏ లోపమూ లేని' అనే అర్థం మనసులో మెదులుతుంది. చిక్కంతా అక్కడే.

ఒక మాటకు అర్థం తేల్చుకోవాలంటే దానికి ఎదురుగా ఏ మాట నిలబెట్టారో చూడాలి. ఎఫెసీ 4:13లో 'సంపూర్ణపురుషులు' అన్న వెంటనే 14వ వచనంలో 'పసిపిల్లలు' వస్తారు. 1 కొరింథీ 14:20లో 'పెద్దవారల'కు ఎదురుగా మళ్లీ పసిపిల్లలే. హెబ్రీ 5లో 'వయస్సు వచ్చినవారి'కి ఎదురుగా పాలు తాగే శిశువు. ఈ మూడు చోట్లా ఎదురు నిలిచింది పాపి కాదు, పసిబిడ్డ. పసిబిడ్డ ఆ ఇంటి బిడ్డే. బలం చాలదు, మేలు కీడు తేడా తెలియదు, ఎటు గాలి వీస్తే అటు కొట్టుకుపోతాడు. పెద్దవాడంటే ఆ దశ దాటినవాడు.

పాపం సంగతికి 1 యోహాను 1:8 చాలు: పాపం లేనివారమని చెప్పుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం. ఫిలిప్పీ 3 ఇంకా స్పష్టం. 12వ వచనంలో పౌలు తాను 'సంపూర్ణ సిద్ధి' పొందానని అనుకోవడం లేదంటాడు. మూడు వచనాలు దాటగానే 'మనలో సంపూర్ణులమైన వారమందరము' అంటూ తననూ కలుపుకుంటాడు. నేటి అర్థంతో చదివితే ఈ రెండూ పొసగవు. 'పరిణతి చెందినవారం' అని చదివితే పొసగుతాయి: తానింకా గమ్యం చేరలేదని ఎరిగి పరుగెత్తేవాడే పరిణతి చెందినవాడు. కొత్త విశ్వాసికి ఈ తేడా చెప్పకపోతే ఏమవుతుందో ఊహించండి. కొన్ని నెలల తర్వాత పాత కోపమో పాత అలవాటో ఒకసారి బయటపడగానే 'నేను సంపూర్ణుణ్ణి కాలేదు, అంటే నా రక్షణే నిజం కాదేమో' అని కుంగిపోతాడు. ఒక్క మాటకు అర్థం తెలియక బిడ్డ ఇల్లు విడిచి వెళ్లకూడదు.

'పరిపక్వత' కూడా మంచి మాటే. వండటం, పండటం రెండు అర్థాలూ ఉన్న 'పచ్' ధాతువు నుంచి వచ్చింది. లూకా 8:14లో ముళ్లపొదల్లో పడిన విత్తనాన్ని పోలినవారిని 'పరిపక్వముగా ఫలింపనివారు' అన్నారు. అక్కడి గ్రీకు క్రియలోనూ 'తెలొస్' దాగి ఉంది. మొక్క మొలవకపోవడం అక్కడ సమస్య కాదు. ఈ బతుకు విచారాలు, ధనం, భోగాలు చుట్టూ అలుముకుని పంట చేతికి రానివ్వవు. కాబట్టి ఫలం గురించి చెప్పేటప్పుడు పరిపక్వత, మనిషి బుద్ధినీ వివేచననూ గురించి చెప్పేటప్పుడు పరిణతి వాడండి.

వీటన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది అచ్చతెలుగు 'ఎదుగు'. పెరుగు, ఎదుగు ఒకటి కావు. ధర పెరుగుతుంది, ఎదగదు. రాశి ఎక్కువైతే పెరగడం, ప్రాణమున్నది తన నిండు రూపానికి రావడం ఎదగడం. పైగా 'పెరుగు'కు 'పెంచు' ఉంది కాని 'ఎదుగు'కు అలాంటి జంట వాడుకలో లేదు. 'ఎదిగించాను' అని ఎవరూ అనరు, 'ఎదగనిచ్చాను' అంటారు. పౌలు 'పాలతోనే మిమ్మును పెంచితినిగాని అన్నముతో మిమ్మును పెంచలేదు' అన్నాడు (1 కొరింథీ 3:2). కొద్ది వచనాల తర్వాత నాటినవాడు తాను, నీళ్లు పోసినవాడు తోటి బోధకుడు అపొల్లో, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు అని ఒప్పుకున్నాడు. పాఠాలు రాసే మీ వంతు పెంచడం వరకే. ఇక్కడి 'అన్నము'ను వరి అన్నంగానే తీసుకోనక్కర్లేదు. 'అద్' (తిను) ధాతువు నుంచి వచ్చిన అన్నం అంటే తినేది అని. గ్రీకులోని 'బ్రోమ' కూడా తినడం అనే క్రియ నుంచి వచ్చిందే. ఇంత సరిగ్గా కుదిరిన మాటలు అరుదు.

పాలు, అన్నం పోలికలో ఒక జాగ్రత్త అవసరం. 1 పేతురు 2:2లో పాలు తక్కువ మాట కాదు. అప్పుడే పుట్టిన శిశువు పాలకోసం ఆరాటపడినట్టు వాక్యం కోసం ఆరాటపడమని అక్కడ హెచ్చరిక. కొరింథులోనూ హెబ్రీలోనూ తప్పుపట్టింది పాలు తాగడాన్ని కాదు, కాలం గడిచినా పాల దగ్గరే ఆగిపోవడాన్ని. ఈ రెండు సందర్భాలనూ కలిపేసి, నిన్న విశ్వసించినవారిని 'మీరింకా పాలు తాగేవారే' అని చిన్నబుచ్చడం అన్యాయం.

ఆగిపోయారని ఎలా తెలుస్తుంది? 1 కొరింథీ 3:3-4 గుర్తులు చెబుతుంది: అసూయ, కలహం, 'నేను పౌలు వాడను', 'నేను అపొల్లోవాడను' అని బోధకుల పేర చీలడం. ఇదే కొరింథు సంఘం ఏ కృపావరంలోనూ (దేవుడు ఉచితంగా ఇచ్చే సామర్థ్యం) లోపం లేనిదని 1 కొరింథీ 1:7 చెబుతోంది. వరాలు నిండుగా ఉండి కూడా పసిబిడ్డలుగా ఉండవచ్చన్నమాట. వరాన్ని పరిణతికి కొలతగా మీ పాఠాల్లో ఎక్కడా రాయకండి.

హెబ్రీ 5:14లో ఇంకో విలువైన మాట ఉంది: 'సాధకముచేయబడిన జ్ఞానేంద్రియములు'. సంగీతం నేర్చుకునేవారు చేసే సాధకమే ఇది. గ్రీకులో అది వ్యాయామానికి వాడే క్రియ, 1 తిమోతి 4:7లోనూ అదే ఉంది. వయసు దానంతటదే వివేచన తేదు, రోజూ చేసిన అభ్యాసం తెస్తుంది. దేనిలో అభ్యాసం అంటే అపొస్తలుల కార్యములు 2:42 నాలుగు చెబుతుంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. అక్కడి 'ఎడతెగక' అనే మాట కింద గీత గీయించండి. ఒకరోజు నాలుగు గంటలు చదివి వారమంతా మానేయడం సాధకం కాదు.

పాఠాల వరుసకు హెబ్రీ 6:1-2 పనికొస్తుంది. మారుమనస్సు, దేవునియందు విశ్వాసం, బాప్తిస్మాల బోధ, హస్తనిక్షేపణం (చేతులుంచడం), పునరుత్థానం, నిత్యమైన తీర్పు అనే ఆరు విషయాలు పునాది అంటుందది. అక్కడున్న 'మూలోపదేశము మాని' అనే మాట నేటి చెవికి 'వదిలేసి' అన్నట్టు వినిపిస్తుంది. 'పునాది మరల వేయక' అని అదే వచనం అర్థం చెబుతోంది. వేసిన పునాదిని ఎవరూ తవ్వి పారేయరు, దానిమీద గోడ లేపుతారు.

'ఆత్మీయ'కు వ్యాకరణ ప్రకారం 'తనకు చెందిన' అని అర్థం. మదీయ, భవదీయ ఎలాగో ఇదీ అలాగే. అందుకే సంఘం బయట 'ఆత్మీయుడు' అంటే దగ్గరివాడు. సంఘంలో పరిశుద్ధాత్మకు సంబంధించిన అనే అర్థం గట్టిగా స్థిరపడింది, వాడుకే ప్రమాణం కాబట్టి తప్పనలేం. 'ఆధ్యాత్మిక' అంటే తనలోని ఆత్మను గురించిన చింతన తోస్తుంది. పౌలు ఉద్దేశం అది కాదు, దేవుని ఆత్మ నడిపించే జీవితం. బైబిలు అనువాదం వాడిన 'ఆత్మసంబంధమైన' అన్నిటికంటే స్పష్టంగా ఉంది. బయటివారు కూడా చదివే పాఠమైతే మొదటిసారి అలా రాసి, తర్వాత 'ఆత్మీయ' అనండి.

శీర్షికకు 'ఆత్మీయ ఎదుగుదల' చాలు. చివరి పాఠానికి 'పరిణతి' ఉంచుకోవచ్చు. వచనం ఉదహరించినచోట 'సంపూర్ణులు' మార్చకండి, పక్కనే అర్థం రాయండి. 'ఆత్మీయతలో ఎదగండి' అని మాత్రం రాయకండి. తెలుగులో ఆత్మీయత అంటే ఆప్యాయత. మీరు చెప్పదలచింది 'ఆత్మీయంగా ఎదగండి' అని.