ఈగల లెక్కలో తల్లులు తగ్గారు

ప్రశ్న: డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. జీవశాస్త్రంలో దాగి ఉన్న పక్షపాతాలను స్త్రీవాదులు బయటపెట్టారని చదివి క్లాసులో చెబితే, కణం కణమే, దానికి ఆడవాళ్ల వాదం మగవాళ్ల వాదం ఏంటని నవ్వారు. శాస్త్రవేత్తలు కావాలని తప్పు రాశారా?

జవాబు: కావాలని రాయనక్కర్లేదండీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మగది ఎన్నింటితోనైనా జతకట్టాలని చూస్తుంది, ఆడది ఆచితూచి ఎంచుకుంటుంది అనే మాట మీ సిలబస్‌లోనూ ఉండే ఉంటుంది. దానికి ఆధారంగా చూపించే ప్రయోగాన్ని 1948లో జన్యుశాస్త్రవేత్త ఆంగస్ బేట్‌మన్ పండు ఈగల మీద చేశాడు. అప్పట్లో డీఎన్‌ఏ పరీక్షలు లేవు. అందుకని పైకి వంగిన రెక్కలో, ఒంటి మీద వెంట్రుకలు లోపించడమో, ఇలా ఒక్కో ఈగకూ కంటికి కనిపించే ఒక్కో మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన మార్పు) ఉండేలా చూసుకుని, వాటిని కలిపి వదిలి, పుట్టిన పిల్లల్లో ఎవరి గుర్తు వచ్చిందో చూసి తల్లీ తండ్రీ ఎవరో లెక్కగట్టాడు. ఎక్కువ జతలు కట్టిన మగ ఈగకు సంతానం పెరుగుతుంది, ఆడ ఈగకు అంత లాభం లేదు అని తేల్చాడు.

2012లో జీవశాస్త్రవేత్త పాట్రీషియా గోవాటీ బృందం అదే పద్ధతిలో ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసింది. చూస్తే, తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ పడ్డ పిల్లల్లో చాలా పెద్దవి కాకుండానే చచ్చిపోతున్నాయి! ఎవరెవరు జతకట్టారో చెప్పగలిగేది ఆ పిల్లలే కాబట్టి, అవి లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, బేట్‌మన్ సొంత అంకెల్లోనే తండ్రులకు రాసిన పిల్లలు తల్లులకు రాసిన వాళ్లకంటే ఎక్కువ. ప్రతి పిల్లకూ ఒక తల్లీ ఒక తండ్రీ ఉన్నప్పుడు ఆ రెండు మొత్తాలూ సమానంగా ఉండాలి కదా. అరవై ఏళ్లకు పైగా ఆ అంకెలు అచ్చులోనే ఉన్నాయి. ముందే నమ్మిన మాటకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని ఎవరు మాత్రం మళ్లీ కూడి చూస్తారు? దాగి ఉన్న పక్షపాతం అంటే ఇదే.

అండం కదలకుండా ఎదురుచూస్తుంది, శుక్రకణం పోరాడి లోపలికి చొచ్చుకుపోతుంది అని పాఠాల్లో రాసే తీరును 1991లో మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ ఎండగట్టింది. నిజానికి శుక్రకణం ముందుకు తోసే బలం చాలా తక్కువ, తల ఎక్కువగా పక్కలకే కొట్టుకుంటుంది, దాన్ని పట్టి ఆపేది అండం పైపొరలోని అణువులు.

ప్రశ్న: అయితే ఇవి ఆడవాళ్లే పట్టుకోగలరా? అదీ ఒక పక్షపాతమే కదా?

జవాబు: ఆడవాళ్లే పట్టుకోవాలని ఏం లేదు. తేనెపట్టును ఏలేది రాజు అని అరిస్టాటిల్ కాలం నుంచీ నమ్ముతూ వచ్చారు, పదిహేడో శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ ఆ తేనెటీగను కోసి అండాశయాలు చూపించాడు. ఆయన మగవాడే. తత్వవేత్త హెలెన్ లాంగినో 1990లో వాదించింది కూడా ఇదే కోవలో ఉంటుంది: శాస్త్రం నిష్పాక్షికంగా ఉండేది ఒక మనిషి మంచితనం వల్ల కాదు, వేర్వేరు చోట్ల నిలబడి చూసేవాళ్లు ఒకరి ఊహల్ని ఒకరు నిలదీయడం వల్ల. స్త్రీవాదుల ఊహల్నీ అలాగే నిలదీయాలి, గోవాటీ ఫలితాన్ని కూడా. మీ క్లాసులో నవ్వినవాళ్లకు ముందుగా ఆ ఈగల లెక్క చూపించండి.