రేడియో కొన్నాక ముందు ఒక్కసారి స్విచ్ ఆపి చూడు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు.

మొన్న శనివారం రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, దీనికి ఏటి పట్టిందో ఏటో! స్కాలర్‌షిప్ డబ్బులూ, పండక్కి మీరంతా ఇచ్చిన డబ్బులూ కలిపి 20 వేలు దాచిందట. బొమ్మ కారుకి రిమోట్ కొంటానంటోంది, కాస్త నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. అది బొమ్మ కాదు, దూరం నుంచి నడిపే పోటీ కారు, కొనేది రిమోటూ కాదు, దాన్ని నడిపే రేడియో అని మాత్రం చెప్పి పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. మా ఇంటి ఆడపిల్ల ట్రాక్ మీద కారు దింపుతానంటోందని ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంతోషం వెనకాలే భయం కూడా వచ్చి కూర్చుంది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

గల్ఫ్‌లో నేనేం పని చేశానో మీకెవరికీ సరిగ్గా చెప్పలేదు. రేడియో మెకానిక్ అన్నాను, టేప్‌రికార్డర్లు బాగు చేశాననుకున్నారు. ఇప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర అవే బాగు చేస్తున్నాను కాబట్టి ఎవరూ ఇంకేం అడగలేదు. షార్జాలో పన్నెండేళ్లు నేను పట్టుకున్న రేడియోలు నువ్వు కొనబోయేలాంటివే.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. తుపాకీలా పట్టుకునే గన్ టైపుదే తీసుకో, రెండు పుల్లలు కదిపే స్టిక్ టైపు నీకు వద్దు. 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీది కానిది ఎవరు ఊరికే ఇచ్చినా వద్దను. ఛానెళ్లు, అంటే కారులో విడివిడిగా నడిపించే పనులు, మూడుంటే చాలు. స్టీరింగ్‌కి ఒకటి, థ్రాటిల్‌కీ (వేగం పెంచేది) బ్రేకుకీ కలిపి ఒకటి, మూడోది అవసరానికి ఉంటుంది. ఎండ్ పాయింట్, డ్యూయల్ రేట్, ఎక్స్‌పో అని స్టీరింగూ థ్రాటిలూ ఎంత కదలాలో సరిచేసుకునే అమరికలు ఈ రోజుల్లో మధ్యరకం వాటిలో కూడా వస్తున్నాయి. వాటి కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

నీ చేతి సంగతి చెప్పాలి. నువ్వు ఎడమచేతి వాటం. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, నువ్వు ఎడమచేత్తో ముద్ద తీస్తే చేతి మీద ఒక్కటి వేసేది. నువ్వు కంచం వదిలేసి నా ఒళ్లోకి వచ్చేదానివి. "దాని చెయ్యి దానిష్టం" అని అమ్మతో ఎన్నిసార్లు గొడవ పడ్డానో. గన్ టైపు రేడియోని ఎడమచేత్తో పట్టుకుంటారు. ఆ చేతి చూపుడు వేలు ట్రిగ్గర్ మీద ఉంటుంది, కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం చక్రాన్ని అటువైపుకి మార్చుకునే ఖరీదైన మోడళ్లున్నాయి. వాటి జోలికి ఇప్పుడే పోకు. ముందు మామూలుదే పట్టుకుని చూడు. ట్రిగ్గర్‌ని వెంట్రుకవాసి నొక్కడం, వదలడం నీ ఎడమ వేలికి ఇంకా బాగా వస్తుందని నాకు నమ్మకం. మలుపులో జారకుండా కారుని లాక్కొచ్చేది ఆ వేలే. నీ చేతులు చిన్నవి కాబట్టి పట్టు సైజూ, ట్రిగ్గర్ స్థానమూ మార్చుకోవడానికి వీలున్నది చూసుకో. పది నిమిషాలు పట్టుకుంటే మణికట్టు లాగుతోందా? అది నీకు కాదు, ఎంత గొప్ప కంపెనీదైనా.

ఫుటాబానా, సాన్వానా, ఫ్లైస్కైనా, రేడియోలింకా అని అడిగావట. ఫుటాబా, సాన్వా, కేవో ప్రోపో జపాన్‌వి. చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది, అంత బాగా చేస్తారు. కానీ ఒక కంపెనీ రేడియోకి సాధారణంగా ఆ కంపెనీ రిసీవరే, అంటే కారులో ఉండి సిగ్నల్ అందుకునేదే, పనిచేస్తుంది. రేపు రెండో కారు కొంటే రెండో రిసీవర్ కావాలి, ఒకటి కాలిపోతే ఇంకొకటి కావాలి. జపాన్ వాళ్ల రిసీవర్లు ఖరీదెక్కువ. అందుకని చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్ ధరొక్కటే చూడకు, పక్కన రెండు రిసీవర్ల ధర కూడా వేసి కూడు. నీ 20 వేలు టైర్లకీ, బ్యాటరీలకీ, బస్సు ఛార్జీలకీ కూడా రావాలి. నా మట్టుకు నేను ఫ్లైస్కైలో గానీ రేడియోలింక్‌లో గానీ మధ్యరకంది తీసుకోమంటాను. మిగిలిన డబ్బు మంచి సర్వో మీద పెట్టు, కారులో స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు అది. రేడియోలింక్ సెట్లలో కొన్నిటికి గైరో, అంటే కారు పక్కకి తిరగడాన్ని పసిగట్టే పరికరం, ఉన్న రిసీవర్ వస్తుంది. జారే కారుని అదే సరిదిద్దుతుంది. చాలా పోటీల్లో దాన్ని ఒప్పుకోరు. పోటీ పెట్టేవాళ్ల నిబంధనలు చదివి, గైరో లేని రిసీవర్ తీసుకో. ఆ సాయం లేకుండానే నేర్చుకో తల్లీ.

ఇంకొకటి. మంచి రేడియోల్లో వేగంగా స్పందించే మోడ్ ఒకటుంటుంది. నీ కారులో అనలాగ్ సర్వో ఉండగా ఆ మోడ్ పెట్టావంటే సర్వో వేడెక్కి కాలిపోతుంది. సర్వో డిజిటల్‌దేనని చూసుకున్నాకే పెట్టు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇది మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1996, నవంబరు నెల, శుక్రవారం. అక్కడ అది సెలవు రోజు. ఊరి బయట ఇసుకలో ట్రాక్ ఉండేది. అప్పట్లో మేం వాడేది 27 మెగాహెర్ట్జ్. కార్లకి వాడుకునే ఛానెళ్లు (ఇక్కడ ఛానెల్ అంటే ఫ్రీక్వెన్సీ) ఆరే, ఒక్కోదానికి ఒక్కో రంగు. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. రిసీవర్లో ఒకటి, ట్రాన్స్‌మిటర్లో ఒకటి చింతపిక్కంత క్రిస్టల్ ఉండేది, ఏ ఛానెలో నిర్ణయించేది అదే. రేకు తొడుగు, కింద రెండు సన్నని కాళ్లు. నాది పసుపు, 27.145. ట్రాక్ దగ్గర ఒక చెక్క బోర్డు మీద రంగుకొక క్లిప్పు చొప్పున పెట్టేవాళ్లు. నీ రంగు క్లిప్పు తీసి నీ యాంటెన్నాకి పెట్టుకున్నాకే ట్రాన్స్‌మిటర్ స్విచ్ వెయ్యాలి. బోర్డు మీద క్లిప్పు లేదంటే ఆ రంగు మీద ఎవరో కారు నడుపుతున్నారని అర్థం. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే నియమం.

ఆ రోజు నేను క్లిప్పు కోసం వెళ్లలేదు. మా వంతు తర్వాత ఉంది. ట్రాక్ పక్కన పిట్‌లో, అంటే కార్లు బాగుచేసుకునే చోట, కూర్చుని మా ఓనరు బగ్గీ సరిచేస్తున్నాను. నైట్రో ఇంధనంతో నడిచే ఇంజను కారు అది. కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఇంజను ఆపే ఉంది కదా, అర నిమిషం పని కదా అనుకున్నాను. స్విచ్ వేసి ట్రిగ్గర్ పూర్తిగా లాగాను. కార్బురేటర్ ముప్పావు వంతే తెరుచుకుంది. ఎక్కడ పట్టేస్తోందా అని వంగి చూస్తూ ట్రిగ్గర్‌ని అలాగే పట్టుకున్నాను.

కంచె అవతల ఒక ఇంజను అరిచింది. అది నడిపే మనిషి దూరంగా డ్రైవర్ల స్టాండ్ మీద ఉన్నాడు. నేను ట్రాక్‌కి పది అడుగుల్లో ఉన్నాను. ఇద్దరిదీ ఒకే రంగు అయినప్పుడు దగ్గరున్నవాడి మాటే కారు వింటుంది. అక్కడ మలుపులో మార్షల్‌గా, అంటే తిరగబడ్డ కార్లని లేపేవాడిగా, నిలబడ్డది సోంపేట కుర్రాడు, 19 ఏళ్లు. వాడి వీసాకి నేనే తిరిగాను, వాళ్లమ్మకి మాటిచ్చి తీసుకెళ్లాను. తిరగబడ్డ ఒక కారుని లేపడానికి వంగాడు. మూడున్నర కేజీల బండి, గంటకి 60 కిలోమీటర్ల పైన వస్తోంది. వాడి కాలికి రబ్బరు చెప్పులు.

శబ్దం విని పరిగెత్తాను. వాడు ఇసుకలో కూర్చుని మోకాలి కింద రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. పక్కనే ఆ కారు వెల్లకిలా పడి, చక్రాలు కనపడనంత వేగంగా తిరుగుతోంది. ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది. నేను నా చేతి వైపు చూసుకున్నాను. ట్రాన్స్‌మిటర్ చేతిలోనే ఉంది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. వదిలాను. ఇంజను తగ్గింది.

ఆ కారు ఓనరు తన రిసీవర్ చెడిపోయిందనుకున్నాడు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుంది, పంపించేస్తారు, ఇంటి దగ్గర నాన్న అప్పులు... ఇవన్నీ చెప్పుకున్నాను. నిజం చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ముందు ఆ కుర్రాడికే చెప్పాను, కాలికి కట్టుతో గదిలో పడుకుని ఉంటే. వాడు గోడ వైపు చూస్తూ, "తెలుసన్నా. నువ్వు పరిగెత్తుకొచ్చినప్పుడే చూశాను, నీ యాంటెన్నాకి క్లిప్పు లేదు" అన్నాడు. మూడు రోజులు తెలిసి కూడా ఎవరికీ చెప్పకుండా నా కోసం ఆగాడు. వాడు పని చేయలేని రెండు నెలల జీతం నేనే ఇచ్చాను. అది లెక్క సరిచేయడం కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు సోంపేటలో టిఫిన్ హోటల్ పెట్టుకున్నాడు. ఏటా ఒకసారి వెళ్తాను. వానాకాలం కాలు నొప్పి చేస్తుందని వాడు అనడు, వాళ్లావిడ అంటుంది.

మీ కాలంలో క్రిస్టళ్లు లేవు. నీ 2.4 రేడియో ఒక చోట ఉండదు, సెకనుకి ఎన్నోసార్లు ఛానెల్ మారుతూ దూకుతుంది. బైండ్ చేశాక, అంటే రెండిటినీ జత కలిపాక, నీ రిసీవర్ నీ ట్రాన్స్‌మిటర్ గుర్తునే వింటుంది. పక్కవాడి వేలికి నీ కారు కదలదు. నేను చేసిన తప్పు నువ్వు చేయాలన్నా చేయలేవు. అది తలుచుకుంటే నాకెంత హాయిగా ఉందో. కానీ సిగ్నల్ పోవడమనేది ఇంకా ఉంది. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ అయిపోవచ్చు, రిసీవర్ యాంటెన్నా తీగ తెగిపోవచ్చు. అలాంటప్పుడు కారు ఏం చేస్తుంది? కొన్ని రిసీవర్లు ఆఖరి మాటనే పట్టుకుని కూర్చుంటాయి. ఫుల్ థ్రాటిల్‌లో పోతే ఫుల్ థ్రాటిల్లోనే పోతుంది. కొన్నిటికి ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే కారుని ఆపే ఏర్పాటు, ఉంటుంది కానీ నువ్వు మెనూలోకి వెళ్లి పెట్టేదాకా పనిచేయదు. కాబట్టి షాపువాణ్ణి తెర ఎంత పెద్దదని అడగకు. సిగ్నల్ పోతే థ్రాటిల్ న్యూట్రల్‌కో బ్రేకుకో వస్తుందా, అది నేను పెట్టుకోవచ్చా అని అడుగు. తెలియదంటే వచ్చెయ్.

కొన్నాక కారుని డబ్బా మీద పెట్టి చక్రాలు గాల్లో ఉంచు. కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, చక్రాలు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ స్విచ్ ఆపెయ్. చక్రాలు వెంటనే ఆగాలి. ఆగలేదంటే ఆ రోజు కారు నేల మీద పెట్టకూడదు. రిసీవర్ మార్చినా, మళ్లీ బైండ్ చేసినా ఇదే చెయ్. రోజూ ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత కారు ఆన్ చెయ్యి. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత ట్రాన్స్‌మిటర్. రిసీవర్ యాంటెన్నాని కత్తిరించకు, చుట్ట చుట్టకు. మోటారు తీగలకి దూరంగా, గొట్టంలో పైకి నిలబెట్టు.

ఆదివారం పొద్దున్న మీ ఊరి అయోధ్య మైదానంలో ప్రాక్టీస్ చేస్తానన్నావట. చెయ్యకు. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, పెద్దవాళ్లు నడుస్తుంటారు. నీ కారు కరెంటుదే, చిన్నదే, అయినా వద్దు. మీ కాలేజీ వెనక ఖాళీ స్థలం అడుగు, ప్రిన్సిపల్‌తో నేను మాట్లాడమంటే మాట్లాడతాను. పోటీలో నీ రేసు అయ్యాక తర్వాతి రేసుకి మార్షల్‌గా నిలబడమంటారు. బూట్లు వేసుకో. చెప్పులతో నిలబడితే నేను ఊరుకోను. కారు లేపడానికి వంగే ముందు, వస్తున్న వైపు చూసి వంగు. వీపు తిప్పి వంగకు తల్లీ.

గట్టిగా అన్నానని బాధపడకు. అన్నం మధ్యలో లేచొచ్చి నా ఒళ్లో ఏడ్చిన పిల్లే నాకు ఇంకా కనిపిస్తోంది.

రేడియో వచ్చాక ఆదివారం నాడు కారుతో సహా బస్సెక్కి వచ్చెయ్. కాంప్లెక్స్ దగ్గరికి నేను బండి మీద వస్తాను. అత్త నెత్తళ్ల వేపుడు చేస్తానంది. తిన్నాక షాపు బల్ల మీద చక్రాలు గాల్లో పెట్టి, నువ్వు థ్రాటిల్ ఇవ్వు, నేను స్విచ్ ఆపుతాను. అమ్మతో నేను మాట్లాడాను, ఇంక నిన్నేం అనదు.

మీ మావయ్య,
శ్రీకాకుళం