గణిత పరిశోధన సంస్థల్లో ఏం జరుగుతుంది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఒక గణిత పరిశోధన సంస్థ కార్యక్రమాల పట్టిక చూశాను. సెమినార్, కొలోకియం, వర్క్‌షాప్, ప్రోగ్రామ్, స్కూల్ అని రకరకాలుగా ఉన్నాయి. వీటిలో నేను వెళ్ళదగ్గది ఏది?
– డిగ్రీ మూడో ఏడాది విద్యార్థిని

జవాబు: ముందు కొలోకియానికి వెళ్ళండి. అది సంస్థలో ఉన్న గణితజ్ఞులందరి కోసం పెట్టే ఉపన్యాసం. సంఖ్యా సిద్ధాంతం చేసేవారికీ, జ్యామితి చేసేవారికీ, సంభావ్యత చేసేవారికీ అందాలి కాబట్టి వక్త మొదటి ఇరవై నిమిషాలైనా అందరికీ తెలిసిన భాషలో మాట్లాడతారు. ఆ ఇరవై నిమిషాలు పట్టుబడితే చాలు, మీ గంట వృథా కానట్టే. మిగతాది అర్థం కాకపోతే బెంగపడకండి, హాల్లో ఉన్న ప్రొఫెసర్లలో సగం మందిదీ అదే పరిస్థితి.

సెమినార్ అలా కాదు. ఒకే అంశం మీద పనిచేసే కొద్దిమంది వారం వారం కలుస్తుంటారు. పోయిన వారం ఆగిన చోటి నుంచి మొదలుపెడతారు, నిర్వచనాలు చెప్పరు. వెళ్ళాలా వద్దా అన్నది అబ్‌స్ట్రాక్ట్ (ముందుగా ఇచ్చే ఉపన్యాస సారాంశం) చూసి తేల్చుకోవచ్చు. అందులో తెలియని పదాలు రెండు మూడే ఉంటే ముందు రోజు వాటిని చదువుకుని వెళ్ళండి. ప్రతి వాక్యంలోనూ ఉంటే ఆ గంట లైబ్రరీలో గడపడం మేలు.

వర్క్‌షాప్ సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉంటుంది, ఎక్కువగా పిలిచినవాళ్ళకే. ప్రోగ్రామ్ అంటే నెలల తరబడి సాగేది. కేంబ్రిడ్జ్‌లో 1992లో తెరిచిన ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్, బర్క్‌లీలో 1982లో మొదలై 2022లో సైమన్స్ లాఫర్ సంస్థగా పేరు మార్చుకున్న ఎంఎస్‌ఆర్‌ఐ ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఒక అంశం ఎంచుకుని, దానిమీద పనిచేసేవాళ్ళని ప్రపంచం నలుమూలల నుంచి రప్పించి, కొన్ని నెలలు ఒకే కప్పు కింద ఉంచుతారు. ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ (1930), పారిస్ దగ్గరి ఐహెచ్‌ఈఎస్ (1958) వంటి చోట్ల శాశ్వత ప్రొఫెసర్లు కూడా ఉంటారు. స్కూల్ అంటే మాత్రం నేర్పడానికే పెట్టింది. మరో రెండేళ్ళలో మీరు దరఖాస్తు చేయాల్సింది దానికే.

ప్రశ్న: “శతాబ్దాల నాటి చిక్కు వీడింది, ఫలానా సంస్థలో ఉపన్యాసం” అని వార్తలు వస్తుంటాయి. పిల్లలు తరగతిలో అడుగుతారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?
– ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు

జవాబు: ఉపన్యాసం అనేది ఒక మెట్టు మాత్రమే. ఆ పని ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చూస్తే వార్తకు ఎంత విలువివ్వాలో తెలిసిపోతుంది.

దీనికి ఆండ్రూ వైల్స్ సంగతే అన్నిటికన్నా మంచి పాఠం. 1993 జూన్ 21, 22, 23 తేదీల్లో ఆయన న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడు ఉపన్యాసాలిచ్చారు. శీర్షికలో ఫెర్మా పేరే లేదు. మాడ్యులర్ ఫారాలు, ఎలిప్టిక్ వక్రాలు, గాల్వా రిప్రజెంటేషన్లు అని మాత్రమే ఉంది. మూడో రోజు చివర, n రెండు కన్నా పెద్దదైతే xⁿ + yⁿ = zⁿకు ధన పూర్ణాంకాల్లో జవాబు లేదన్న ఫెర్మా ప్రతిపాదన బోర్డు మీదికొచ్చింది, మర్నాటికి ప్రపంచమంతా పాకింది. వ్రాతప్రతిని ఆరుగురు రిఫరీలు (పత్రిక తరఫున సరిచూసేవాళ్ళు) పంచుకుని చదివారు. వారిలో ఒకరైన నిక్ కాట్జ్ అడిగిన ఒక ప్రశ్నకు వైల్స్ జవాబు రాయబోతే, సెల్మర్ గ్రూపు అనే బీజగణిత నిర్మాణం పరిమాణానికి పైహద్దు కట్టే చోట నిరూపణ తెగిపోయిందని బయటపడింది. వైల్స్ మొదట ఒంటరిగా, తర్వాత తన పూర్వ విద్యార్థి రిచర్డ్ టేలర్‌తో కలిసి, మొత్తం ఏడాది పాటు దానితో కుస్తీ పట్టారు. 1994 సెప్టెంబర్‌లో, అంతకుముందు పక్కన పెట్టేసిన ఇవసావా సిద్ధాంతపు దారిలోనే పరిష్కారం దొరికింది. రెండు పేపర్లుగా ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో అచ్చయింది 1995 మేలో. ఉపన్యాసానికీ అచ్చుకీ మధ్య దాదాపు రెండేళ్ళు. ఆ మధ్యకాలంలో “ఫెర్మా సమస్య తేలిపోయింది” అని చెప్పినవాళ్ళందరూ తొందరపడ్డట్టే.

అన్నిసార్లూ అంత ఆలస్యం కాదు. యిటాంగ్ జాంగ్ 2013 ఏప్రిల్‌లో పంపిన పేపర్‌ని అదే పత్రిక మేలోనే అంగీకరించింది. 7 కోట్లకు మించని తేడాతో ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయన్నది ఆయన ఫలితం. వాడిన పనిముట్లు రిఫరీలకు బాగా తెలిసినవి, రాత శుభ్రంగా ఉంది, అందుకే త్వరగా తేలింది. 2014కల్లా ఇతరులు ఆ తేడాను 246కి దించారు. పెరెల్మాన్‌ది మరో దారి. 2002, 2003లలో, ఆకారాల గురించిన పాంకరే ప్రతిపాదన నిరూపణను మూడు ప్రీప్రింట్లుగా (పత్రిక ఇంకా పరిశీలించని పేపర్లు) ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకున్నారు, ఏ పత్రికకూ పంపలేదు. మిగతా గణితజ్ఞుల బృందాలు ఏళ్ళ తరబడి కూర్చుని వివరాలు పూరించి సరేనన్నాయి. క్లే సంస్థ 2010లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతిని ఆయన తీసుకోలేదు. 2000లో ఆ సంస్థ బహుమతులు ప్రకటించిన ఏడు సమస్యల్లో పాంకరేది ఒకటి; వాటి నియమాల్లో, అచ్చయ్యాక రెండేళ్ళు గడవాలి, గణితజ్ఞులు సాధారణంగా ఒప్పుకుని ఉండాలి అన్నది ఊరికే పెట్టింది కాదు.

కాబట్టి వార్త చూడగానే ఇవి వెతకండి. ప్రీప్రింట్ ఉందా? లేకపోతే అక్కడితో ఆపేయండి. ఉంటే ఎన్నో వెర్షన్, వ్యాఖ్యల గడిలో “ఉపసంహరించుకున్నాం” అని రాసి ఉందా? అదే రంగంలో పనిచేసే మరొకరు, రచయితతో సంబంధం లేనివారు, చదివి మాట్లాడారా? పత్రిక అంగీకరించిందా? ఈ మధ్య మరో మెట్టు వచ్చి చేరింది: లీన్ వంటి కంప్యూటర్ భాషలో నిరూపణను ఒక్కో అడుగూ రాసి యంత్రంతో సరిచూడటం. పీటర్ షోల్జ్ తన సిద్ధాంతం ఒకదానిమీద తనకే పూర్తి ధీమా లేదని 2020 డిసెంబర్‌లో బహిరంగంగా చెప్పి, సరిచూడమని అడిగారు. 2022 జులైకల్లా ఆ పని పూర్తయింది. తన నిరూపణను తానే అనుమానించి ముందుకు పెట్టడం మాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం. పిల్లలకు ఫలితం కన్నా ముందు ఇది చెప్పండి.

ప్రశ్న: వచ్చే నెల సెమినార్‌లో మొదటిసారి మాట్లాడాలి. స్లైడ్లా, బోర్డా? బోర్డయితే ఏం జాగ్రత్తలు?
– పీహెచ్‌డీ రెండో ఏడాది పరిశోధకుడు

జవాబు: నిరూపణ చూపించాలంటే బోర్డే. చేత్తో రాసే వేగం, వినేవాళ్ళు నోట్సు రాసుకుంటూ ఆలోచించే వేగం ఒకటే. స్లైడు మీద ఆరు వరుసల లెక్క ఒక్కసారిగా ప్రత్యక్షమైతే ఎవరూ చదవరు. బొమ్మలు, గ్రాఫులు, పెద్ద పట్టికలు ఉంటే వాటివరకు స్లైడ్లు వాడండి.

యాభై నిమిషాల ఉపన్యాసంలో ఎక్కువమంది పడే గొయ్యి ఒకటే: నిర్వచనాలకు ముప్పై నిమిషాలు పోతాయి, ప్రధాన సిద్ధాంతం నలభై అయిదో నిమిషంలో వస్తుంది, అప్పటికి అధ్యక్షుడు గడియారం చూస్తుంటాడు. పదో నిమిషంలోపు సిద్ధాంతం బోర్డెక్కాలి, అది అతి సరళమైన ప్రత్యేక సందర్భమైనా ఫర్వాలేదు. తర్వాత ఒక ఉదాహరణ, అంకెలతో, చివరిదాకా. నిరూపణలో ఒకే ఒక్క కీలకమైన అడుగు ఎంచుకుని అది పూర్తిగా చెప్పండి. మిగతావి పేర్లు చెప్పి వదిలేయండి.

ఇక బోర్డు సంగతి. ఎడమ చివర పై మూల నుంచి మొదలెట్టి గడులు గడులుగా రాయండి. సిద్ధాంతం ఉన్న గడిని చివరిదాకా చెరపకండి. అక్షరం నాలుగు వేళ్ళు పక్కపక్కన పెట్టినంత ఎత్తు ఉండాలి. కింది జానెడు మేర ఖాళీగా వదిలేయండి, వెనక వరుసకు ముందువాళ్ళ తలలే కనబడతాయి. తడిగుడ్డతో తుడిచిన గడి మీద వెంటనే రాయకండి. తడి మీద సుద్ద పట్టదు, గట్టిగా అదిమితే ఆరాక చెరగదు. రెండు గడులు మార్చి మార్చి వాడితే ఒకటి ఆరేలోగా రెండోది నిండుతుంది. జీటా, క్సై అనే గ్రీకు అక్షరాలు రెండూ మీ చేతిరాతలో ఒకేలా ఉంటే ఇంట్లో ఉన్నప్పుడే ఒకదాన్ని మార్చేయండి.

ఖాళీ బోర్డు మీద, ఖాళీ గదిలో, గడియారం పెట్టుకుని ఒకసారి పూర్తిగా రాసి చూడండి. ఇంతకన్నా పనికొచ్చే సలహా మా దగ్గర లేదు.

ప్రశ్న: అంతర్జాతీయ వర్క్‌షాప్‌లు, స్కూళ్ళకు దరఖాస్తు చేస్తే ఎప్పుడూ జవాబు రావడం లేదు. తప్పు ఎక్కడ?
– పీహెచ్‌డీ పరిశోధకురాలు

జవాబు: ముందు మీరు తట్టే తలుపు సరైనదేనా చూసుకోండి. జర్మనీలోని ఓబర్‌వోల్ఫాక్‌లో వారం రోజుల వర్క్‌షాప్‌లకు నిర్వాహకులు పిలిస్తేనే వెళ్ళాలి, దరఖాస్తు చేసి లాభం లేదు. అదే సంస్థ పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ స్థాయివారికి నడిపే సెమినార్లకు మాత్రం దరఖాస్తులు తీసుకుంటుంది. అబ్దుస్ సలాం 1964లో ట్రియెస్తెలో నెలకొల్పిన ఐసీటీపీ, 1978లో ఫ్రాన్స్‌లో మొదలైన సింపా – ఈ రెండు సంస్థలూ ముఖ్యంగా వర్ధమాన దేశాల పరిశోధకుల కోసం స్కూళ్ళు పెడతాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

దరఖాస్తులు ఎక్కువగా చెడేది సిఫారసు లేఖ దగ్గర. మీ ఫారం సమయానికి చేరుతుంది, గైడ్ లేఖ చేరదు, ఫైలు అసంపూర్తిగా పక్కకు పోతుంది. గడువుకు నాలుగు వారాల ముందే అడగండి, సీవీ, ఒక పేజీ సారాంశం జతచేయండి, వారం ముందు గుర్తుచేయండి. గడువు ఏ టైమ్ జోన్‌లో చెప్పారో కూడా చూసుకోండి.

రెండోది “ఎందుకు రావాలనుకుంటున్నారు” అన్న గడి. “ఈ రంగంలో నాకు అమితాసక్తి” అని అందరూ రాస్తారు. మీరు ఏ లెమ్మా దగ్గర ఆగిపోయారో, ఆ స్కూల్లోని ఏ కోర్సు దానికి దారి చూపగలదో నాలుగు వాక్యాల్లో రాయండి. ప్రయాణ ఖర్చుల సాయం అడిగే గడి వేరుగా ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి, ఎంపికయ్యాక అడిగితే చాలాచోట్ల డబ్బు మిగిలి ఉండదు. వీసాకు ఆహ్వాన పత్రం కావాలని ఎంపికైన రోజే రాయండి.

ప్రశ్న: ఆన్‌లైన్ సెమినార్‌కి సరిగ్గా సమయానికే చేరినా, ఏడాదికి రెండుసార్లు గంట తేడా వస్తోంది. ఎందుకు?
– కళాశాల అధ్యాపకుడు

జవాబు: గడియారాలు జరపడం వల్ల. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, శరత్కాలంలో ఒక వారం ఆ రెండింటి మధ్య తేడా కూడా మారిపోతుంది. ప్రకటనలో ఉన్న ఊరి సమయాన్నే క్యాలెండర్‌లో ఆ ఊరి జోన్‌తో నమోదు చేయండి. మీ సమయంలోకి మార్చి రాసుకుంటే మళ్ళీ తప్పుతుంది.

ప్రశ్న: గణితజ్ఞులు భోజనానికి కూర్చునే వరసలోంచే ఒక గణిత సమస్య పుట్టిందని విన్నాను. ఏమిటది?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: ఓబర్‌వోల్ఫాక్ సమస్యే అది. ఆ సంస్థ 1944లో జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో మొదలైంది. అక్కడ భోజనానికి ఎవరి పక్కన ఎవరన్నది రోజూ మారుస్తారు, కొత్తవాళ్ళతో మాట కలవాలని. 1967లో అక్కడ జరిగిన సమావేశంలో గెర్హార్డ్ రింగెల్ అడిగారు: గుండ్రటి బల్లల సైజులు ముందే ఖాయం. ప్రతి ఇద్దరూ సరిగ్గా ఒక్కసారే పక్కపక్కన కూర్చునేలా రోజూ మార్చగలమా?

ఒక్కో పూటకు ఒక్కొక్కరికి ఇద్దరు పొరుగువాళ్ళు. కాబట్టి తనను మినహాయిస్తే మిగిలినవాళ్ళు సరిసంఖ్యలో ఉండాలి, అంటే మొత్తం మంది బేసి. తొమ్మిది మంది, ముగ్గురేసి పట్టే మూడు బల్లలు అనుకోండి. ఒక్కొక్కరూ మిగతా ఎనిమిది మందిని ఇద్దరిద్దరి చొప్పున కలవాలి, నాలుగు పూటలు. కాగితం మీద 1 నుంచి 9 దాకా మూడు వరుసల చదరంలో రాయండి. మొదటి పూట అడ్డవరుసలు: 123, 456, 789. రెండో పూట నిలువువరుసలు: 147, 258, 369. మూడో పూట ఒకవైపు వాలే ఐమూలలు, అంచు దాటితే అవతలి అంచు నుంచి లోపలికొస్తూ: 159, 267, 348. నాలుగో పూట రెండోవైపు వాలేవి: 168, 249, 357. ఏ జంటైనా పట్టుకుని వెతకండి, ఒక్కసారే దొరుకుతుంది.

ఇప్పుడు అదే తొమ్మిది మందికి బల్లలు మార్చి ఒకటి నలుగురిది, ఒకటి అయిదుగురిది ఇవ్వండి. జంటల లెక్క అప్పుడూ సరిపోతుంది: 36 జంటలు, పూటకు 9. కానీ ఎలా కూర్చోబెట్టినా కుదరదు. పదకొండు మందికి 3, 3, 5 బల్లలతోనూ కుదరదు. మొత్తం మంది బేసిగా ఉన్నప్పుడు ఇప్పటిదాకా దొరికిన మినహాయింపులు ఈ రెండే. బల్లలన్నీ ఒకే సైజువైతే ఎప్పుడూ కుదురుతుందని 1989లో నిరూపించారు. కనీసం 60 మంది దాకా ఉన్న సందర్భాలన్నిటినీ కంప్యూటర్ సాయంతో తేల్చారు. మనుషుల సంఖ్య చాలా పెద్దదైతే ఏ సైజు బల్లలతోనైనా కుదురుతుందని గ్లాక్, జూస్, కిమ్, క్యూన్, ఆస్తస్ అనే అయిదుగురు నిరూపించారు. ఆ “చాలా పెద్ద” అన్నది ఎక్కడ మొదలవుతుందో అక్కడికీ, కంప్యూటర్ చేరిన చోటికీ మధ్య ఇంకా ఖాళీ ఉంది.